ఉప్పు వెయ్యని సున్నం

నాన్న పేరు మాచవరపు జీవరత్నం.
రాతి మీద "జీవ" దాకా సున్నం కింద మునిగిపోయింది,
"రత్నం" ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

సమాధుల పండక్కి పొద్దున్నే వచ్చాం
అమ్మ, నేను, తమ్ముడు ఎలీషా,
బకెట్టు, రెండు కుంచెలు, బంతిపూలు, కొవ్వొత్తుల పెట్టె.
మాకంటే ముందే ఎవరో వచ్చి వెళ్ళారు.
ఎవరో గానీ చెయ్యి తిరిగినవాళ్ళు కాదు.
ఒకవైపు మందంగా, ఒకవైపు ఇటుక కనిపిస్తూ,
చుక్కలు పక్క సమాధి మీది దాకా.

అమ్మకి కోపమొచ్చింది.
"మన మనిషికి మనం వేసుకోలేమా?"
ముప్పై ఏళ్ళు ఆయన్నీ అడిగింది, ఇంకోలా:
"మన మనుషులు కానివాళ్ళకి నువ్వెందుకు వెయ్యాలి?"

ఎవరూ రాని సమాధులు ఆయన లెక్కలో ఉండేవి.
గోడవారగా పదకొండు.
ఒకటి దొరసాని నర్సుది,
ఒకటి గుంటూరు స్టేషన్లో దిగి ఊరు పేరు చెప్పకుండానే పోయినాయనది,
ఒకటి రెండడుగులే ఉంటుంది, పేరు లేదు.

నాన్న లైన్‌మన్. నల్లపాడు సెక్షన్.
గాలివానకి ఊరు చీకటైతే
మా ఇంట్లో కంచం సగంలో ఆగిపోయేది.
"ఊరంతా వెలిగించొస్తావు, వంటింట్లో బల్బు మాత్రం
మూడు వారాల్నించీ మిణుకుమిణుకు" అనేది అమ్మ.
నవ్వేవాడు. మార్చేవాడు కాదు.
చివరికి నేనే స్టూలెక్కి మార్చాను, తొమ్మిదో క్లాసులో.
ఆయన కింద స్టూలు పట్టుకున్నాడు.
నాచేత చేయించడానికే ఆపాడేమో అనుకుంటాను ఒక్కోసారి.
కాదులే, మర్చిపోయే ఉంటాడు.

రెండో శనివారం కొండవీడు.
ఫిరంగిపురం దాకా బస్సు, తర్వాత కాళ్ళు.
ఘాట్ రోడ్డు పడ్డాక కూడా పాత మెట్లదారే.
గుడ్డసంచిలో పులిహోర, నీళ్ళసీసా, పాటల పుస్తకం,
విరిగిన గొడుగుకమ్మీ వంచి చేసిన సీతాఫలాల కొక్కెం.
పికిలిపిట్ట కూస్తే చెయ్యెత్తి మమ్మల్ని ఆపేవాడు,
చర్చిలో అయ్యగారు లేచినప్పుడు ఆపినట్టే.

పైన చెరువుగట్టు మీద ప్రార్థన.
కళ్ళు తెరిచే.
"మూసుకోవా నాన్నా?"
"ఇంత చేసిపెట్టినాయన ముందర
కళ్ళు మూసుకుంటే ఏం మర్యాద?"

చిన్న ప్రార్థన. అందులో మా పేర్లుండేవి,
షాక్ కొట్టి చెయ్యి పోయిన మస్తాన్ పేరుండేది,
అమ్మ మోకాలు ఉండేది,
ఆఖర్న ఒక వగైరా ఉండేది.
నిజంగానే. "వగైరా, ఆమేన్."

ఫిబ్రవరిలో పోయాడు.
స్తంభం మీద కాదు, కొండమెట్ల మీద కాదు.
ఎవరికో రక్తమిస్తానన్న కుర్రాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి,
వాడు భయపడకుండా పక్కన కుర్చీలో కూర్చుని,
కూర్చున్నవాడు కూర్చున్నట్టే.
ఆ కుర్రాడి పేరు మేము అడగలేదు.

కాపలా ఉండే రాహేలమ్మంది:
"తెల్లారకుండానే ఎవరో సైకిలు మీదొచ్చారమ్మా,
మొహం చూళ్ళేదు."

రాతి మీద చెయ్యి పెట్టాను.
అరచెయ్యి తెల్లబడింది.
ఉప్పు వెయ్యలేదు.

నాన్న బకెట్టుకి గుప్పెడు రాళ్ళుప్పు వేసి
రాత్రంతా నాననిచ్చేవాడు.
అప్పుడే వానకి నిలుస్తుంది, చేతికంటదు.
ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ
ఈ తప్పు చెయ్యరు.
అంటే మేమెరిగినవాళ్ళు కాదు.
వగైరా.

ఎలీషా కుంచె ముంచి
పైన ఇంకో పూత వెయ్యబోయాడు.
"ఉండనీరా" అంది అమ్మ,
"వానొచ్చినప్పుడు చూద్దాం."

బకెట్టు తనే అందుకుని
మోకాలు పట్టుకుంటూ గోడవైపు నడిచింది.
పదకొండిట్లో రెండడుగులదాని ముందు ఆగింది.
నాన్న ఎప్పుడూ దాంతోనే మొదలుపెట్టేవాడు.
ఆ సంగతి అమ్మకి తెలుసని
నాకు తెలియదు.